అన్నం ఎక్కడికీ పోదు

ఫిబ్రవరి 9

అక్కా,

నా చేతిరాత గుర్తుపట్టావా, లేక ఎవరిదో బాకీ నోటీసు అనుకున్నావా? చింపకు. చదివాక నీ ఇష్టం.

అమ్మ పోయిన దగ్గర్నుంచీ మనకి మాటల్లేవు. తప్పు నీదని నేనూ, నాదని నువ్వూ అనుకుంటూ ఇన్నేళ్ళూ నిశ్చింతగా గడిపేశాం. అదీ ఒక డేగిసా కోసం! అమ్మ వండే పెద్ద అల్యూమినియం డేగిసా నీకు చెప్పకుండా తెచ్చేసుకున్నానని నీ కోపం. తెచ్చుకున్న మాట నిజమే. ఇన్నాళ్ళూ దాన్లో పాత దుప్పట్లు దాచాను. మొన్న కిందికి దించి తోమాను. నీ చేతిలోంచి జారి పడినప్పటి సొట్ట ఇంకా అలాగే ఉంది.

మీ మరిది పనిచేసే లేతు వర్క్‌షాపు మూతపడింది. యజమాని చెప్పాపెట్టకుండా తాళం వేసుకుని పోయాడు. ఈయన రోజూ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి, ఆ తాళాన్ని చూసి ఇంటికొస్తున్నారు, అదేదో చిగురు వేస్తుందన్నట్టు. నవ్వకపోతే ఏడవాలి కాబట్టి నవ్వుతున్నాను.

తినే నోళ్ళు పెరిగాయి, సరుకు తగ్గింది. అమ్మ మనల్ని అంత తక్కువలో ఎలా సాకిందో నాకు ఒక్క ముక్క గుర్తులేదు. నేను తినడం తప్ప ఏం చేశాను గనక! పొయ్యి దగ్గర అమ్మ పక్కన నిలబడ్డదానివి నువ్వు. తక్కువలో కడుపు నిండేలా ఎలా వండాలో రాయి. పప్పు చిక్కగా కనిపించాలి, పప్పు మాత్రం ఎక్కువ పడకూడదు.

బావ ఆయాసం ఎలా ఉంది? మా పిచ్చుక ఎంతెత్తు ఎదిగింది? రొట్టెముక్క కోసం నా కొంగు పట్టుకుని ఇల్లంతా తిరిగేది. ఆ పేరు పెట్టింది పిన్నేనని దానికి చెప్పావా, అదీ దాచావా?

కోపం తగ్గేదాకా ఆగకు. కోపంతోనే రాసెయ్యి.

డేగిసా దొంగ


ఫిబ్రవరి 17

దొంగకి,

మేం ఇల్లు మారాం కాబట్టి నీ ఉత్తరం తిరిగి తిరిగి మా ఆస్పత్రి లాండ్రీకి చేరింది. మా సూపర్‌వైజరు ముందు తను చదివి తర్వాత నాకిచ్చాడని అనుమానం. ఆ రోజంతా నన్ను చూసి పళ్ళికిలించాడు. నీ చేతిరాత చూడగానే పని వదిలేసి అక్కడే నిలబడి చదివేశాను. కోపంతోనే అనుకో.

నేను ఇంకా ఆస్పత్రి దుప్పట్లే ఉతుకుతున్నాను. మిషన్లు వచ్చాయిగానీ, రక్తపు మరకలు ఇప్పటికీ చేత్తోనే రుద్దాలి. బ్లీచింగు నీళ్ళకి వేళ్ళ సందులు పగిలిపోయి, కూరలో ఉప్పు వేయాలంటే చెంచా వెతుక్కుంటున్నాను. బావకి ఆయాసం తగ్గిన రోజున లాండ్రీ వెనక గోడ మీదికి పాకించిన చిక్కుడు తీగకి నీళ్ళు పోసి వస్తాడు. ఆ తీగ ఆయన కొడుకు. గింజలు ఎర్రగా ఉంటాయి, ప్రతి గింజకీ ఒక తెల్ల మచ్చ. ఈ చుట్టుపక్కల ఎక్కడా ఆ రకం లేదని పెద్ద గొప్ప.

మరిది చేత ఇస్త్రీ మాత్రం మాన్పించకు. చొక్కా నలిగినా ఫర్వాలేదనుకున్న మగాడు తర్వాత మంచం దిగడు, మా ఇంట్లో చూశాను.

ఇక వంట. గారడీలేమీ లేవు, ఉన్నదల్లా ఓపిక. పప్పుని ముందుగా నానబెడితే పొయ్యి తొందరగా ఆపొచ్చు. ఉడికేటప్పుడు తొక్కతోనే రెండు బంగాళాదుంపలు పడేసి, తర్వాత మెత్తగా మెదిపెయ్యి. గోధుమపిండిని పొడి మూకుట్లో కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి పోస్తే పలచటి పప్పు కూడా గరిటెకి అంటుకుంటుంది. నూనె తక్కువైనా సరే, ఉల్లిపాయని మాత్రం తొందరపడకుండా ఎర్రగా వేయించు. వాసన ఇల్లంతా తిరిగితే సగం ఆకలి అక్కడే తీరుతుంది. క్యాబేజీ మొదలు పారేయకు, సన్నగా తరుగు. ఎండిపోయిన రొట్టెల్ని కాల్చి పొడి చేసి దాచుకో, కూర జారుగా ఉన్నప్పుడు పనికొస్తుంది. అన్నంలో నీళ్ళు ఒక పిసరు ఎక్కువ పోసి, దించాక మూత తీయకుండా ఉంచు. మెతుకు ఉబ్బుతుంది.

ఇవన్నీ కష్టం గట్టెక్కేదాకానే. అలవాటు చేసుకోకు.

పిచ్చుక నా భుజం దాటింది. తిండి దగ్గర మాత్రం ఇంకా చిన్నప్పటి పిచ్చుకే. పేరు పెట్టింది నువ్వేనని చెప్పాను. అన్నీ దాచేదాన్ని కాదు నేను.

అక్క


మార్చి 2

అక్కా, నా తల్లీ,

నీ చేతికి బంగారు కడియం తొడగాలి. తొడిగే స్తోమత లేదు కాబట్టి నోటితో తొడుగుతున్నాను. వేయించిన పిండి పోశాక పప్పు చూడాలి, పెళ్ళివారి పప్పులా కదలకుండా కూర్చుంది! ఈయన కూడా మారుమాట లేకుండా తిన్నారు. తాళం చూడటానికి వెళ్ళడం మానేశారు. ఇప్పుడు పొద్దున్నే సంచులు పట్టుకుని నాతో మార్కెట్‌కి వస్తున్నారు. గింజ గింజకీ బేరమాడుతున్నారు. లేతు మీద ఇనుము గీసిన చేతులు కదా, కూరలవాళ్ళని బాగానే గీకుతున్నాయి.

డేగిసా చాలక ఇంకో రెండు అద్దెకి తెచ్చాం. ఎందుకంటే చెప్పాను కదా, నోళ్ళు ఎక్కువ. ఒక పూట వడ్డించేసరికి తల ప్రాణం తోకకి వస్తోంది. వీళ్ళతో నాకొక చిక్కు వచ్చిపడింది. ఒకసారి పెట్టింది తినేసి కంచం మళ్ళీ చాపుతున్నారు. లేదనడానికి ముఖం చెల్లదు, పెడితే వెనకవాళ్ళకి మిగలదు. రెండోసారి అడగకుండా ఉండాలంటే ఏం చేయాలి? అమ్మ ఏదో చేసేది. మనం నలుగురం పిల్లలం ఉన్నా ఎవరం రెండోసారి అడిగిన గుర్తు లేదు నాకు.

తొందరగా రాయి. నీ ఉత్తరం కోసం ఎదురుచూస్తూ గరిటె పట్టుకుని నిలబడి ఉన్నాను.

నీ చెల్లి


మార్చి 11

చెల్లీ,

మూడు డేగిసాల చుట్టాలా! మీ అత్తవైపు వాళ్ళు దిగారని అర్థమైంది, నువ్వు పేరు పెట్టి చెప్పక్కర్లేదు. నీ పెళ్ళిలోనే చూశానుగా వాళ్ళని, విస్తరి ముందు కూర్చుంటే లేవరు. మరిదికి ఉద్యోగం పోయిన ఇంట్లో అంతమంది తిష్ట వేశారంటే వాళ్ళకి సిగ్గుండాలి. పోనీలే, నీది మెత్తటి మనసు.

రెండోసారి అడగకుండా ఏం చేయాలో నాకు తెలుసు. రాయాలా వద్దా అని చాలాసేపు కూర్చున్నాను. నువ్వప్పటికి చాలా చిన్నదానివి. అమ్మ గంజి వార్చి, ఉప్పు వేసి, నిప్పుల మీద నల్లగా మాడ్చిన ఉల్లిపాయని దాన్లో నలిపి, పొగలు కక్కుతుండగా తలో గ్లాసూ చేతికిచ్చేది. కంచాలు వేయకముందు. మనం అన్నం కోసం గోల చేస్తే "ముందు ఇది తాగండి, అన్నం ఎక్కడికీ పోదు" అనేది. తాగేవాళ్ళం. కడుపు బిగిసిపోయి సగం అన్నానికే చేతులు కడుక్కునేవాళ్ళం. అన్నం నిజంగానే ఎక్కడికీ పోలేదు. ఉంటే కదా పోవడానికి!

కానీ మిగతా సగం కూడా విను. గ్లాసు ఇచ్చిన ప్రతిరోజూ అమ్మ సాయంత్రం పొద్దు వాలకముందే ఉడికించిన గింజలు తలా గుప్పెడు పెట్టేది. గింజలు దొరకని రోజున గ్లాసు కూడా ఇచ్చేది కాదు. ఉన్న అన్నం అందరికీ పంచేసి, ఇంతే ఉందని ముఖం మీదే చెప్పేసేది. కడుపుని ఏమార్చు గానీ ఒంటిని ఏమార్చకూడదు అనేది. గుప్పెడు లేకుండా గ్లాసు ఇవ్వకు. ఇది నువ్వు మర్చిపోతే నేనీ ఉత్తరం రాయనట్టే.

నేను మాత్రం నా ఇంట్లో ఆ గ్లాసు ఎత్తలేదు. పిచ్చుక పుట్టినప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. లేకపోతే లేదని చెప్తాను, అది ఏడిస్తే కూడా కూర్చుని ఏడుస్తాను, కానీ ఆ గ్లాసు నా పిల్ల చేతికి రాకూడదని. ఇప్పటికీ మాడిన ఉల్లిపాయ వాసన వస్తే నాకు ఆకలేస్తుంది, కోపమూ వస్తుంది.

పిచ్చుక సంగతి నీకు చెప్పలేదు. పై చదువు చదవాలని దానికి గంపెడాశ. బావ మందులు చూసి, తనే ఆ ఊసెత్తడం మానేసింది. కిందటి నెల మీ ఊళ్ళోనే బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపనికి చేరింది. కాలర్లు కుడుతుంది. అక్కడే హాస్టలు, తిండీ వాళ్ళదే. పిన్ని ఇంటికి వెళ్ళొద్దని నేనే చెప్పాను. చుట్టాలతో కిటకిటలాడే ఇంట్లో ఇంకో నోరెందుకు?

మా అంబులెన్సు డ్రైవరు అటు వస్తుంటే చిక్కుడు గింజల సంచి పంపుతున్నాను. బావ ఏడాదంతా ఎండబెట్టి దాచినవి. మాకున్నాయిలే, మొహమాటపడకు. సాయంత్రం గుప్పెడుకి పనికొస్తాయి.

అక్క


మార్చి 20

అక్కా,

గింజల సంచి అందింది. ఇంకెప్పుడూ పంపకు. నీ దగ్గర లేవని నాకు తెలుసు.

పిచ్చుక ఏ ఫ్యాక్టరీ? ఇక్కడ బట్టల ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి. నీళ్ళ ట్యాంకు పక్కన నీలం గేటు ఉన్నదా, లేక రైలు పట్టాలకి అవతల ఉన్నదా? ఊరికే అడుగుతున్నాను, వీలైతే ఒకసారి చూసొద్దామని. దానికి నేను గుర్తున్నానా? ఇప్పుడు ఎదురుపడితే గుర్తుపడుతుందంటావా?

పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. తర్వాత వివరంగా రాస్తాను.

చెల్లి


మార్చి 29

చెల్లీ,

ఎంత చల్లటి మాట అన్నావు! నువ్వు చూసొస్తానన్నావని చదివి వినిపిస్తే మీ బావ కళ్ళు తుడుచుకున్నాడు. నీలం గేటే. లోపలికి వెళ్ళగానే ఎడమవైపు రేకుల షెడ్డు భోజనాల హాలట. నువ్వు వెళ్ళినప్పుడు అది లేకపోతే కుట్టు హాలు వెనక తలుపు దగ్గర అడుగు.

చూస్తే గుర్తుపట్టదేమో. నువ్వు ఎత్తుకున్నప్పుడు దానికి ముందు పళ్ళే సరిగ్గా లేవు.

నువ్వు వెళ్ళాల్సిన పని కూడా పడింది. పిచ్చుక రాసిన ఉత్తరం చూసి నా కడుపు మండిపోతోంది. తిండికి లోటు లేదమ్మా అని మొదలుపెట్టింది, నన్ను ఏమార్చడానికి. పొట్ట డప్పులా నిండుతుందట, మధ్యాహ్నం దాటేసరికి కళ్ళు బైర్లు కమ్ముతాయట. మిషను కింద బట్ట రెండుగా కనిపిస్తోందట. పక్క మిషను పిల్ల రెండుసార్లు కూలబడిపోయిందట. అందరికీ అలాగే ఉందని, సూపర్‌వైజరమ్మతో చెబితే ఎక్కువ తిని నిద్రొస్తోందని నవ్వుతుందని రాసింది. పచ్చి వయసు పిల్లలు, పొద్దస్తమానం సూది మీద చూపు పెట్టుకుని కూర్చునేవాళ్ళు! వాళ్ళ కంచంలో దొంగతనం చేసేవాడు మనిషేనా?

వంట కాంట్రాక్టు ఎవరో బయటివాళ్ళకి ఇచ్చారట, కొత్తగా వచ్చారట. వాడి చేతులు పడిపోను. వాడి పిల్లలు వాడి వంటే తినాలి. నాకు శాపాలు పెట్టడం రాదు, నీకు తెలుసు. ఈసారి మాత్రం నేర్చుకుని మరీ పెడుతున్నాను.

నువ్వు ఆ ఊళ్ళో ఉన్నదానివి, నోరున్నదానివి. వెళ్ళి ఆ కాంట్రాక్టరుని నిలదీసి రా. వెళ్ళేటప్పుడు చేత్తో ఏదైనా వండి పట్టుకెళ్ళు. నీ ఇంట్లో ఉన్న పలచటి పప్పయినా సరే. పిన్ని చేతి ముద్ద దానికి బలం.

అక్క


ఏప్రిల్ 7

అక్కా,

వెళ్ళాను. దూరం నుంచి చూశాను. పలకరించలేదు, పని హడావుడిలో ఉంది. నువ్వు భయపడినట్టేమీ లేదు. సన్నగా ఉంది, అది మొదట్నుంచీ సన్నమే కదా. నడక అచ్చం నీదే.

నువ్వు ఎవరినీ చూడకుండా అంతలేసి శాపాలు పెట్టకు. నోటికేం, ఎంతైనా అంటుంది. ఆ కాంట్రాక్టు తీసుకున్నవాళ్ళకి ఎన్ని తిప్పలున్నాయో మనకేం తెలుసు? ఫ్యాక్టరీవాళ్ళు ఇచ్చేదాంట్లో చక్రవర్తి భోజనం ఎవరు పెట్టగలరు? అంతకంటే తక్కువకే పెడతామని గేటు బయట మరొకడు కాచుకుని ఉంటాడు. వీళ్ళు కాకపోతే వాడు. వాడైతే పురుగుల బియ్యం వండుతాడు. వీళ్ళు బియ్యం శుభ్రంగా ఏరి, వేడిగా, కడుపునిండా పెడుతున్నారు. దాన్ని దొంగతనం అనేస్తే ఎలా అక్కా? మన అమ్మ చేసింది దొంగతనమా?

పిచ్చుక గురించి నువ్వు బెంగ పెట్టుకోకు. అక్కడి వంటింట్లో నాకు తెలిసినవాళ్ళున్నారు. రేపట్నుంచి దానికి వేరుగా ఒక కంచం వస్తుంది. గుడ్డు, గింజలు, గట్టి పప్పు. ఎవరు పంపారని అడగొద్దని చెప్పించాను. నువ్వు కూడా దానికి రాయకు. కొన్ని సంగతులు తెలియకుండా ఉంటేనే సుఖం.

ఈయనకి రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు. నాకూ అంతే. పనెక్కువై.

చెల్లి


ఏప్రిల్ 19

నీకు ఏమని సంబోధన రాయాలో తెలియలేదు. అందుకే రాయలేదు.

పిచ్చుక ఉత్తరమూ, ఫ్యాక్టరీ నుంచి ఫోనూ ఒకే రోజు వచ్చాయి. ముందు ఉత్తరం చదివాను.

"అమ్మా, ఇక్కడ అన్నానికి ముందు మాడిన ఉల్లిపాయ గంజి ఇస్తారు. వడ్డించే ఆవిడ రోజూ 'ముందు ఇది తాగండి, అన్నం ఎక్కడికీ పోదు' అంటుంది. ఆవిడకి అలా అనమని చెప్పారట. మా హాల్లో అదొక పాట అయిపోయింది. నిన్నట్నుంచి నా ఒక్కదానికే వేరే కంచం వస్తోంది. అందరూ నన్నే చూస్తున్నారు. గింజలు తలా ఒకటి పంచేశాను. పంచేటప్పుడు చూశాను, అవి మన గోడ మీది చిక్కుడు గింజలు. ఎర్రవి, తెల్ల మచ్చవి. మన గింజలు ఇక్కడికెలా వచ్చాయమ్మా?"

ఆ తర్వాత కూడా రోజూ అలాగే పంచుతూ వచ్చిందట. పంచకుండా తిని ఉంటే కళ్ళు తిరిగేవి కావేమో. మిషను మీదికి తూలింది. సూది చూపుడువేలి గోట్లోంచి దిగి అవతలికి వచ్చింది. ఫోను చేసినావిడ అదేదో దారం తెగినట్టు చెప్పింది.

నేను బస్సెక్కి వచ్చాను. నీలం గేటు దగ్గర కాగితాల మీద సంతకం కోసం నిలబెట్టారు. అప్పుడే భోజనాల వ్యాను వచ్చింది. మరిది ఇస్త్రీ చొక్కాతో దిగి వెనక తలుపు తీశాడు. ఇద్దరు మనుషులు డేగిసా పట్టుకుని దించారు. నా చేతిలోంచి జారిపడి సొట్టపోయిన వైపు నాకెదురుగా ఉంది. ముందు సీట్లో నువ్వు కూర్చుని సంచులు లెక్కచూసుకుంటున్నావు. బాగా చిక్కిపోయావు. పిలుద్దామని నోరు తెరిచాను కూడా. ఏమని పిలవను? నీ ఇంట్లో చుట్టాలు నా కూతురూ, దాని తోటి పిల్లలూ అని అప్పుడు తెలిసింది.

పిచ్చుకని తీసుకుని మధ్యాహ్నం బస్సుకే వచ్చేశాను.

పుట్టినప్పుడు ఒట్టు పెట్టుకున్నానని నీకు రాశాను. ఆ గ్లాసు నా పిల్ల చేతికి రానివ్వనని. ఎలా చేయాలో వివరంగా రాసి, పోస్టులో వేసి, నేనే పంపాను. వండింది నువ్వు, నేర్పింది నేను. నిన్ను తిడదామని కూర్చుంటే ప్రతి తిట్టూ సగం దారిలో వెనక్కి తిరిగి నాకే తగులుతోంది. నిన్ను తిట్టలేకపోతున్నందుకు కూడా నాకు నీమీద కోపంగానే ఉంది.

గుప్పెడు ఏమైంది? నేను రెండూ రాశాను. గ్లాసు ఒక్కటీ చదివి, గుప్పెడు దగ్గర కళ్ళు మూసుకున్నావా?


ఏప్రిల్ 26

అక్కా,

నన్ను పిలిచి ఉండాల్సింది. అందరి ముందూ చెంప పగలగొట్టినా బాగుండేది.

మొదటి ఉత్తరంలోనే చెబుదామనుకున్నాను. కాంట్రాక్టు కోసమని రాస్తే నువ్వు నేర్పవని భయపడ్డాను. నువ్వే చుట్టాలు అనుకున్నావు, నేను కాదనలేదు. తర్వాత చెప్పడానికి ప్రతి వారమూ ఆలస్యమైపోయింది. పిచ్చుక అక్కడుందని తెలిసిన రోజున మానేద్దామనే అనుకున్నాను. ఆ రోజే మానేస్తే అద్దె డేగిసాలూ, వ్యానూ, కొన్న సరుకూ నెత్తిన పడేవి. అందుకే కంచం ఒకటి వేరు చేశాను. దానికొక్కదానికి పెడితే నేను మంచిదాన్నయిపోతాననుకున్నాను.

గుప్పెడు మొదటి వారం పెట్టాను. అక్కా, నీమీదొట్టు, పెట్టాను. తర్వాత లెక్క చూస్తే మాకేమీ మిగల్లేదు. ఈయన ఈ వారం ఆపుదాం, వచ్చే వారం పెడదాం అన్నారు. వచ్చే వారం ఎవరూ అడగలేదు. అడగనివాళ్ళకి పెట్టకపోవడం ఎంత తేలికో నీకు తెలియదు.

నువ్వు పెట్టిన శాపం ఒకటి ఎప్పుడో తగిలింది. నా పిల్లలూ, మేమూ ఆ డేగిసాలోదే తింటున్నాం. చిన్నవాడు బళ్ళో బల్ల మీద తల పెట్టి పడుకుంటున్నాడని టీచరు కబురు పంపింది.

పిచ్చుక వేలు వంగుతోందా? అది నా గురించి ఏమంది? డాక్టరుకి ఎంతైనా నేను ఇస్తాను, ఎక్కడిదని అడగకు.

ఒక్కటి చెప్పు. ఫ్యాక్టరీవాళ్ళు ఇచ్చేది పెరగదు. అదే సరుకులో, ఒంటికి పట్టేలా వండటానికి ఏదైనా దారి ఉందా? నీకు తెలిసే ఉంటుంది. చెప్పినట్టు చేస్తాను. ఈసారి మొత్తం చదువుతాను.

నీ చెల్లి


మే 5

చెల్లీ,

నువ్వడిగిన దారి లేదు. అమ్మకీ తెలియదు. తెలిసి ఉంటే గింజల కోసం ఇంటింటికీ తిరిగి తిరగలి విసిరేదా? లేని పప్పుని ఏ పిండీ పప్పు చేయదు. నేను నీకు నేర్పినవన్నీ కంటికి, ముక్కుకి, కడుపుకి. ఒంటికి కావలసింది మాత్రం కొనాల్సిందే, లేదా లేదని చెప్పాల్సిందే.

ఆ నీలం గేటులోకి మరిదిని వెంటబెట్టుకుని వెళ్ళు. మీరిచ్చేదాంట్లో ఇంతమందికి తిండి రాదు, ఇంతకాలం వచ్చినట్టు కనిపించేలా వండాం అని వాళ్ళ ముఖం మీద చెప్పు. భోజనాల హాల్లో పిల్లల ముందు కూడా చెప్పు. కాంట్రాక్టు పోతుంది. పోనీ. చెప్పకపోతే మాత్రం ఇకమీదట నాకు ఉత్తరం రాయకు. డబ్బు పంపకు. డేగిసా కూడా పంపకు, నాకు దాన్ని చూసే ఓపిక లేదు.

పిచ్చుక వేలు వంగడం లేదు. చీము పట్టి జ్వరం వచ్చింది. ఆ వేలితో ఇక సూది పట్టలేదని డాక్టరు అన్నాడు. నీ గురించి ఒక్కటే అడిగింది, పిన్ని కూడా అదే తినేదా అని. తింటుందని చెప్పాను. బావ గోడ దగ్గరికి వెళ్ళి తీగ పీకేశాడు. ఆయాసంతో అక్కడే కూర్చుండిపోతే నేను వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను.

జ్వరానికి పలచగా గంజి ఇవ్వమన్నారు. నిన్న కాచి, ఉప్పు వేసి, గ్లాసులో పోసి మంచం దగ్గరికి తీసుకెళ్ళాను. ఉల్లిపాయ వేయలేదు. అయినా నా నోటి వెంట "ముందు ఇది తాగమ్మా" అని వచ్చేసింది. నేను అనలేదు, అమ్మ అన్నట్టే వచ్చింది.

అది గ్లాసు వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది.

"అన్నం ఉందా అమ్మా? చూపించు, అప్పుడు తాగుతాను."

వంటింట్లోంచి గిన్నె తెచ్చి మూత తీసి చూపించాను. లోపలికి తొంగిచూసింది. అప్పుడు తాగింది.

పిచ్చుక వాళ్ళమ్మ